ఆ అట్టపెట్టెలు పిల్లలకు తిరిగి ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ కార్యాలయానికి ఇది నా నాలుగో ఉత్తరం. ముందటి మూడింటికీ జవాబు లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. చేతిపనికి వారానికి రెండు పీరియడ్లని మీరే అన్నారు. అవి టైంటేబుల్లో ఉన్నాయి. ఆ గంటల్లో మా చేత వర్క్‌షీట్లు నింపిస్తున్నారు.

పోయిన నెల తనిఖీకి వచ్చిన అధికారి మూలనున్న అట్టపెట్టెలు చూసి "ఈ చెత్తంతా ఏంటి టీచర్?" అన్నారు. సాయంత్రానికల్లా తీయించేశారు. మా రెండో తరగతి పిల్లలు మూడు వారాలుగా కడుతున్న వంతెన కూడా వాటితోనే పోయింది.

మంత్రి గారూ, అది చెత్త కాదు. రెండు పెట్టెల మీద అట్ట పరిచి బొమ్మ కారు పెడితే నడుమ కుంగిపోయింది. ఒక పాప ఇంకో అట్ట అతికించింది. అదీ కుంగింది. పక్కనున్న బాబు అట్ట అంచున కన్నాల్లోకి చూసి, "లోపల సన్న గొట్టాలున్నాయి, ఇటు తిప్పి వేద్దాం" అన్నాడు. ఆ గొట్టాలు ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పోయేలా తిప్పి వేశారు. కారు నిలబడింది! నేను ఒక్క ముక్క చెప్పలేదు. పొడవు జానలతో కొలిస్తే ఇద్దరికీ రెండు లెక్కలొచ్చాయి. కాసేపు పోట్లాడుకుని, చివరికి వాళ్లే ఒక తాడు తెచ్చుకున్నారు. కొలతల పాఠం నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అంత బాగా ఎక్కలేదు.

2005లో అమెరికాలోని జాతీయ బొమ్మల హాల్ ఆఫ్ ఫేమ్‌లో అట్టపెట్టెకు చోటిచ్చారు. దేనిగా కావాలంటే దానిగా మారే వస్తువు కనుకే ఆ గౌరవం. మేం అడిగేది తరగతిలో ఒక మూల, మా రెండు పీరియడ్లు. డబ్బు అక్కర్లేదు. కత్తితో కోసే పని నేనే చేస్తాను, పిల్లల చేతికివ్వను. ఆ పెట్టెల జోలికి రావద్దని తనిఖీ అధికారులకు ఒక సర్క్యులర్ పంపండి, చాలు. దయచేసి ఆ పీరియడ్లు మాకు వదిలేయండి.

ఆ తాడు ఇంకా పాప బ్యాగులోనే ఉంది. రోజూ పొద్దున్నే "పెట్టెలొచ్చాయా టీచర్?" అని అడుగుతోంది. ఏం చెప్పమంటారో కనీసం అదైనా రాయండి.

ఇట్లు,
ఒక రెండో తరగతి టీచర్