మా వానను తిట్టకండి, మా రోజాలకు ఆర్వో నీళ్లు పోయమనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

అనంతపురం నుంచి రాస్తున్నాను. నాది మోటార్ల రివైండింగ్ షాపు. బోర్లలో నీళ్లు అడుగంటి, మోటారు ఉత్తిగా తిరిగి కాయిల్ కాలిపోతే రైతులు పీకి నా దగ్గరికి తెస్తారు. వాన పడకపోతే నాకు గిరాకీ, పడితే ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. వాన గురించి నేను రాసేదాంట్లో నా లాభం ఏమీ లేదని తెలియాలని ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఈమధ్య మీ పేపర్లో రెండు చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం. ఒకటి, ఆదివారం అనుబంధంలో మొక్కల పెంపకం గురించి వచ్చిన వ్యాసం. రోజాలకు పొద్దున సాయంత్రం నీళ్లు పోయండి, ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లను పట్టి కుండీలకు పోస్తే నీటి పొదుపు కూడా అని. రెండోది, బుధవారం జిల్లా పేజీలో వాన వార్త. 'చెరువులను తలపించిన రోడ్లు, జనం అవస్థలు' అని హెడ్డింగు, కింద ఒక బైకాయన చక్రాలు సగం మునిగిన నీళ్లలో పోతున్న ఫోటో. సార్, మా అమ్మవాళ్ల ఊరు కళ్యాణదుర్గం వైపు. అక్కడ చెరువే చెరువును తలపించి ఎన్నేళ్లయిందో మీ విలేకరిని ఒకసారి పోయి చూసి రమ్మనండి. 37 రోజులు చినుకు లేక, మిద్దె మీద నిలబడి పడమటి మబ్బును చూసీ చూసీ మెడలు నొప్పి పుట్టిన తర్వాత పడిన వాన అది. దాన్ని పట్టుకుని అవస్థలు అంటారా!

ముందు ఆర్వో సంగతి. ఇలాంటి సలహా నేను ఇంతకుముందే ఒకసారి నమ్మి చెడిపోయాను, అందుకే ఇంత కోపం. రెండేళ్ల కింద మా ఇంట్లో ఆర్వో పెట్టించినప్పుడు, పోయే నీళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమని, పైపు కింద బకెట్ పెట్టి, నిండిన బకెట్ నిండినట్టే మిద్దె మీది రోజా కుండీలకు మోసేవాణ్ని. నాలుగు నెలలు మోశాను. మొదట ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబడ్డాయి, తర్వాత మొగ్గలు చిన్నవయ్యాయి, ఎండ ఎక్కువైందేమో అనుకుని ఇంకా ఎక్కువ పోశాను. కుండీ మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, వేలితో గీస్తే పెచ్చులుగా లేచి వచ్చేంత. అప్పుడు బుద్ధొచ్చి, నీళ్ల ప్లాంటు నడిపే స్నేహితుడి దగ్గర, నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపించే టీడీఎస్ మీటరు తెచ్చి పెట్టి చూస్తే మా బోరు నీళ్లు 1,150, ఆర్వో వదిలే నీళ్లు 1,900. మంచినీళ్లు మనకిచ్చి, ఆ నీళ్లలోని ఉప్పునంతా మిగిలిన నీళ్లలోకి తోసేస్తుంది మిషన్, ఇంతే కదా దాని పని. నదినీళ్లు కొళాయిలో వచ్చే పట్నంలో, మొదటి నీళ్లే 200, 300 ఉండే చోట ఈ సలహా చెల్లుతుంది. మాలాంటి బోరు ఊళ్లలో అది మొక్కకు మెల్లగా విషం పెట్టడమే. మొత్తం 11 చెట్లలో 4 పోయాయి, అందులో ఒకటి మా పెళ్లిరోజుకు తెచ్చింది. దాని గురించి మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అనంతపురంలో రోజాలేంటి అని నవ్వేవాళ్లు ఉన్నారు. మా పక్కింటి అవ్వ కూడా మొదట్లో "తాగేదానికి నీళ్లు లేవంటే పూలకు పోస్తాండావే నాయనా" అని రోజూ తగులుకునేది. ఆమె మాటలో న్యాయం ఉంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన అటూ ఇటూగా పడే జిల్లా మాది, అదీ నమ్మకంగా కాదు. పడమటి కనుమల వెనక వానచాటున ఉన్నాం, నైరుతి తన బరువంతా అక్కడే దించుకుని మా దగ్గరికి ఉత్త గాలిగా వస్తుంది. ఈశాన్యం సముద్రం వైపు జిల్లాలకు పెట్టగా మిగిలింది తెస్తుంది. ఆ ఆషాఢం గాలి ఎలా ఉంటుందో బయటివాళ్లకు చెప్పినా తెలియదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి కుండీలు పడిపోవడం ఒక ఎత్తు, ఆకులో తడి పీల్చేయడం ఇంకో ఎత్తు. ఎండ కంటే గాలే రోజాకు పెద్ద శత్రువు అని నా లెక్క.

అయినా రోజా అంటే చల్లటి ఊళ్ల చెట్టు అనుకోవడం తప్పు. రాజస్థాన్‌లో పుష్కర్ చుట్టూ రోజా తోటలున్నాయి, అక్కడి గుల్కంద్ ఊరూరా పోతుంది. మా బావమరిది సౌదీలో డ్రైవరు. తాయిఫ్ దగ్గర కొండల్లో రోజా తోటలు చూశాడంట, చలికాలం పోయాక తెల్లవారుజామునే పూలు కోసి పన్నీరుకు, అత్తరుకు పంపిస్తారంట. ఎడారి దేశంలో బతికే చెట్టు మా ఎర్రనేలలో బతకదా? బతుకుతుంది, పోసేవాడికి తెలిస్తే.

ఆ తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. పొద్దునో చెంబు, సాయంత్రం ఓ చెంబు పోస్తే తడి పైపైనే ఉంటుంది, వేరు కూడా పైనే తిరుగుతుంది, రోహిణి కార్తె ఎండకు ఆ పైవేరు ఉడికిపోతుంది. నేలలో పెట్టిన చెట్టుకైతే వెడల్పుగా పాదు చేసి, నాలుగు రోజులకోసారి ఒకేసారి బకెట్ నీళ్లు నిదానంగా ఇంకేలా పోస్తే చాలు. పాదులో మూడంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరుస్తాను, మా జిల్లాలో దానికి కరువు లేదు, మిల్లుల దగ్గర మూటలుగా దొరుకుతుంది. పొట్టు కింద చెయ్యి పెట్టి చూడండి, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా తగులుతుంది. పెద్ద చెట్టు పక్కన పాత మట్టికుండ మెడదాకా పూడ్చి నీళ్లు నింపి మూత పెడితే అదే చెమర్చుకుంటూ వేరుకు అందిస్తుంది. కుండీలకు మాత్రం వేసవిలో రోజూ పోయాల్సిందే, అందులో తప్పించుకునే దారి లేదు. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి పోస్తే మా ఇంట్లో సగం అవసరం తీరిపోతుంది.

ఇంకో మాట మీ వ్యాసంలో లేదు. గోదావరి పక్క కడియం నర్సరీల నుంచి వ్యాన్లలో వచ్చే రోజా మొక్కలు గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో వస్తాయి. అక్కడి తడికి ఆ బంకమట్టి మంచిదే. మా దగ్గర దాన్ని అలాగే తీసుకెళ్లి ఎర్రమట్టిలో పెడితే, రెండు వారాలకు ఆ ముద్ద ఎండి ఇటుక అవుతుంది, చుట్టూ నీళ్లు పోసినా లోపలికి పోదు, చెట్టు నీళ్ల మధ్యలోనే దాహంతో చస్తుంది. అమ్మినాయన తప్పేమీ లేదు. మొక్క తెచ్చాక ఆ ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, సగం మట్టి మెల్లగా వదిలించి నాటుకోవాలి అంతే. నాకు ఎవరూ చెప్పక మూడు చెట్లు పోగొట్టుకున్నాను.

ఇవన్నీ చేసినా చెట్టు బతుకుతుంది గానీ కళ ఉండదు. లేత ఆకు పసుపుగా వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా కనిపిస్తాయి. ఇది మా వేరుశనగ రైతులకు బాగా తెలిసిన జబ్బే, మోటారు తెచ్చిన ఒక రైతే కుండీ చూసి చెప్పాడు, ఇనుము లోపం అన్నా ఇది అని. మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీళ్లలో సున్నం ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు కొట్టమన్నాడు. కొట్టాను, ఆకు తేరుకుంది. నెలకు మళ్లీ మామూలే. నీళ్లు మారకుండా ఆకు ఎక్కడ మారుతుంది.

అందుకే ఆ వాన పడిన మంగళవారం రాత్రి సంగతి మీకు చెప్పాలి.

మఖ, పుబ్బ వరపైతే మహా క్షామం అంటారు మా పెద్దవాళ్లు, ఆ రెండు కార్తెల్లో వాన పడకపోతే కరువే అని. మఖ అలాగే పోయింది, పుబ్బ కూడా పోయేటట్టుంది అనుకుంటుండగా రాత్రి తొమ్మిదిన్నరకు గాలి తిరిగింది. గాలి తిరిగితే మాకు ముక్కుకు తెలుస్తుంది, ఎక్కడో దూరంగా పడుతున్న వాన వాసన ముందే వచ్చేస్తుంది. కనౌజ్‌లో రోజా అత్తరు తీసేవాళ్లే కాల్చిన మట్టి నుంచి ఆ వాసన కూడా తీసి సీసాల్లో అమ్ముతారంట. మాకు ఏడాదికి కొన్ని సార్లే దొరుకుతుంది, అదైనా ఊరికే. ఐదు నిమిషాల్లో కరెంటు పోయింది, పోతుందని తెలుసు. సెల్‌ఫోను లైటు నోట్లో కరిచిపెట్టుకుని మిద్దె ఎక్కి, గ్రీన్ షేడ్ నెట్ కింద ఉన్న కుండీలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగాను. చినుకులు అణాకాసులంత పడుతున్నాయి, వేడి మిద్దె మీద పడ్డవి పడ్డట్టే ఆవిరైపోతున్నాయి. మా ఆవిడ తూము కింద డ్రమ్ము పెట్టింది. పక్కింటి అవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకుని మూడు బిందెలతో వచ్చి, "పూలకు పోసుకునేది పోసుకో నాయనా, పప్పు ఉడికేదానికి నాకు మూడు బిందెలు కావల్ల" అంది. మా బోరు నీళ్లలో కందిపప్పు రెండు గంటలు ఉడికినా పలుకుగానే ఉంటుంది సార్, వాన నీళ్లలో వేస్తే వెన్నలా అవుతుంది. అవస్థలు అని రాసినాయన ఆ పప్పు తిని ఉండడు.

నిటారుగా ఉండే పాత పెయింటు డబ్బా ఒకటి ఎప్పుడూ మిద్దె నడిమధ్య పెట్టి ఉంచుతాను. పొద్దున స్కేలు పెట్టి చూస్తే 34 మిల్లీమీటర్లు. మా మిద్దె 600 చదరపు అడుగులు, అంటే 55 చదరపు మీటర్లు అనుకోండి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు, ఆ లెక్కన ఒక్క రాత్రికి 1,870 లీటర్లు. అందులో నేను పట్టుకున్నది రెండు డ్రమ్ములు, అవ్వ బిందెలు కాక. మిగతాదంతా ఆ ఫోటోలో బైకు చక్రాల కింద ఉన్న నీళ్లే. టీడీఎస్ మీటరు డ్రమ్ములో ముంచితే 18 చూపించింది. చెడిపోయిందేమో అని మళ్లీ బోరు నీళ్లలో ముంచి చూశాను, బానే ఉంది.

వాన వల్ల కష్టం లేదని నేననడం లేదు. 2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి మా ఊళ్లో కాలనీలు మునిగినప్పుడు నేనూ చూశాను, మంచాలు, బియ్యం మూటలు తేలిపోతుంటే వానను పొగడమని ఎవరూ అనరు. అప్పుడు మీరు రాయాలి, వంకను కబ్జా చేసినవాళ్ల గురించి ఇంకా గట్టిగా రాయాలి. కానీ ఆ వానకూ 34 మిల్లీమీటర్ల ఈ వానకూ ఒకే హెడ్డింగు పెడితే ఎలా? రోజాలకూ వానతో తంటాలు ఉంటాయి. రేకులు ఒత్తుగా ఉన్న పువ్వు నీళ్లకు బరువెక్కి తల వేలాడేస్తుంది, కొమ్మ పట్టుకుని విదిలించకపోతే మొగ్గ విచ్చుకోకుండానే కుళ్లిపోతుంది. వారం ముసురు పట్టిందంటే ఆకుల మీద నల్లమచ్చ వస్తుంది. దానికి మచ్చపడ్డ ఆకులు ఏరి పారేస్తాను, మరీ ఎక్కువైతే మందు కొడతాను, వానను మాత్రం తిట్టను.

మీ నుంచి నేను అడిగేది రెండు ముక్కలు. వాన పడిన మర్నాడు మండలాల వారీగా ఎన్ని మిల్లీమీటర్లు పడిందో పేజీలో మూలన కాదు, పైన వేయండి, రైతులు పేపరు తెరిచేది ముందు దానికోసమే. నా షాపులో కూర్చున్నవాళ్లు ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు లాక్కుని అదే వెతుకుతారు. మొక్కల వ్యాసం వేసేటప్పుడు అది ఏ నేలకు, ఏ నీళ్లకు అన్నది ఒక వాక్యం రాయించండి. కోనసీమలో చెట్టు పెట్టడం వేరు, మా జిల్లా కూడేరులో పెట్టడం వేరు. కొమ్మలు కత్తిరించే అదను అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది కాబట్టి అప్పటికల్లా మా ప్రాంతానికి పనికొచ్చే వ్యాసం ఒకటి వేయించండి, రాసేవాళ్లు దొరక్కపోతే మా వేరుశనగ రైతులను అడిగినా చెబుతారు.

ఇక నా కుండీల సంగతి. వాన పడిన పదో రోజుకు పన్నీరు రోజాకు కొత్త చిగురు ఎర్రగా వచ్చి, విప్పుకున్నాక పచ్చగానే నిలబడింది, పసుపు గీతలు లేవు. అన్నభేది కొట్టలేదు, డ్రమ్ము నీళ్లే పోస్తున్నాను. నిన్న దానికి ఒక పువ్వు పూసింది. ఫోటో తీసి ఈ ఉత్తరంతో పంపుదాం, ఆ బైకు ఫోటో పక్కన వేయమందాం అనుకున్నాను గానీ, నేను లేచేసరికే మా ఆవిడ కోసి దేవుడికి పెట్టేసింది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మోటార్ల రివైండింగ్ షాపు, అనంతపురం.