పాత బండి అని చిక్కటి ఆయిల్ పొయ్యకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నీ పాత మాజ్దా మియాటా కారు ఇంజన్ల 20డబ్ల్యు-50 అనే చిక్కటి ఆయిల్ పొయ్యమని నీ దోస్తులు చెప్పిండ్రని రాసినవ్. పొయ్యకు. ముందుగల ఆ మాట రాసి, ఎందుకో తర్వాత చెప్తున్న. డబ్బా ఇప్పటికే కొని ఉంటే సీలు తియ్యకుండ వాపస్ ఇచ్చెయ్.

నీ దోస్తులు నీ మంచి కోరే చెప్పి ఉంటరు. మన షాపుకు వచ్చేటోళ్లు సుత రోజూ అదే అడుగుతరు: "అక్కా, బండి పాతదైంది, జర చిక్కటి ఆయిల్ ఇయ్యి." మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీలు నడిపేటోళ్లు, ఊర్లల్ల ట్రాక్టర్లు ఉన్నోళ్లు, అందరిదీ అదే మాట. రింగులు అరిగి, నీలిపొగ కొట్టుకుంట, రోజూ ఆయిల్ తాగే ఇంజన్ ఉందనుకో. ఇంజన్ బోరు పని చేయించడానికి చేతిల పైసల్లేవు. అట్లాంటి బండిని ఇంకో పంట వచ్చేదాక నెట్టుకరానీకి చిక్కటి ఆయిల్ పనికొస్తది. నేనే ఇస్త. కానీ వయసు వేరు, అరుగుదల వేరు. నీ మియాటా 1993ది, అంటే ముప్పై ఏండ్లు దాటింది, నిజమే. పొగ లేదని, ఆయిల్ గీత దిగలేదని నువ్వే రాసినవ్. అరగని ఇంజన్‌కు అరిగిన ఇంజన్ మందు ఎందుకు?

డబ్బా మీది అంకెల సంగతి చెప్తా. డబ్ల్యు ముందున్న అంకె చలిల సంగతి చెప్తది, డబ్ల్యు అంటే వింటర్. 10డబ్ల్యు ఆయిల్‌తోని ఇంజన్ తిరుగుతదా లేదా అని మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్ష చేస్తరు, 20డబ్ల్యును మైనస్ 15 దగ్గరనే. వెనుకున్న అంకె ఇంజన్ వేడెక్కినంకది. 100 డిగ్రీల వేడిల 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనం కొలిచే లెక్క) మధ్య ఉండాలె, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య. అంటే బండి మంచిగ కాగినంక సుత 50 గ్రేడు దరిదాపు ఒకటీ ముప్పావు రెట్లు చిక్కగ ఉంటది. పొద్దున చల్లటి ఇంజన్ల ఎట్ల ఉంటదో నువ్వే ఆలోచించు.

నీ ఇంజన్ 1.6 లీటర్లది, దాంట్ల టాపిట్లు (వాల్వులను నూకే ముక్కలు) హైడ్రాలిక్‌వి, అంటే ఆయిల్ ప్రెషర్‌తోని పనిచేసేటివి. మన లారీల లెక్క మేస్త్రీ ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) పెట్టి సందు సరిచేసేటివి కావు. టాపిట్ లోపలికి ఆయిల్ ఎక్కి, ఆ ప్రెషర్‌కే సందు తనంతట తానే సర్దుకుంటది. ఆ ఆయిల్ పోయే తొవ్వలు మస్తు సన్నగ ఉంటయి. బండి దినాల తరబడి ఆగి ఉంటే ఆయిల్ కిందికి జారిపోతది. స్టార్ట్ చేసినప్పుడు టిక్కుటిక్కుమని సప్పుడొచ్చి, కాసేపటికి ఆగిపోతది. ఇది ఈ బండ్లల్ల అందరికీ తెలిసిన సంగతే, దానికి భయపడకు. చిక్కటి ఆయిల్ పోస్తే అది పైకెక్కడానికి ఇంకింత టైం పట్టి సప్పుడు ఎక్కువైతది. అప్పుడు ఎవరన్నా "ఇంజన్ పోయింది, ఇంకా చిక్కటిది పొయ్యి" అంటరు. ఆ దారి పట్టకు.

మన దగ్గర 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 ఇన్నేండ్లు నడిచినయంటే అది ఈ ఎండ పుణ్యం. మే నెలల ఇక్కడ 44 డిగ్రీలు దాటుతది, చలికాలంల సుత ఇంజన్ గడ్డకట్టే చలి చూడదు. మీ డల్లాస్‌ల ఎండలు మనలెక్కనే ఉన్నా చలి వేరు. 2021 ఫిబ్రవరిల అక్కడ మైనస్ 19 దాక పోయింది, ఆ వారం నీతోని ఫోన్ కలవక మేమెట్ల ఉన్నమో మాకే తెలుసు. అందుకే నా మాట: 10డబ్ల్యు-30 పొయ్యి. చలికాలం అంత బండి తీసేటట్టుంటే 5డబ్ల్యు-30. ఎండాకాలంల ట్రాక్ మీద ఒక్కతీరుగ తొక్కుతనంటే 10డబ్ల్యు-40 దాక పో, అంతకు మించకు. బండితోని వచ్చిన పుస్తకంల వాతావరణాన్ని బట్టి గ్రేడ్ల పట్టీ ఉంటది, మా ఇద్దరి కన్న దాని మాటే ముందు.

గ్రేడ్ తర్వాత చూడాల్సింది డబ్బా వెనుక గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర. పెట్రోల్ ఇంజన్‌కు ఎస్‌తోని మొదలైతది. నీ బండి తయారైన రోజుల్ల ఎస్‌జీ ఉండె. 2020ల ఎస్‌పీ వచ్చింది, 2025ల దానికన్న కొత్తది ఎస్‌క్యూ సుత వచ్చింది. కొత్తది పాత దాని పని కూడా చేస్తది, కాబట్టి ఎస్‌పీ కళ్లు మూసుకోని తీసుకో. సింథటిక్ పోస్తే పాత బండి కారుతదని ఎవరో అన్నరని రాసినవ్. కొత్తగ కార్పియ్యదు బిడ్డా. గట్టిపడ్డ సీళ్ల పక్కన పేరుకున్న మడ్డి కరిగితే, ముందునుంచే ఉన్న సందు బయటపడుతది. ఆయిల్ మార్చకపోతే ఆ సీలు మంచిదైతదా? సీలు మార్చుకోవాలె. నీ బండ్లె ముందు చూడాల్సింది ఇంజన్ వెనుక, హెడ్ మీద ఉండే కామ్ యాంగిల్ సెన్సార్‌కు వేసే ‘ఓ-రింగు’ అనే రబ్బరు రింగు. అది గట్టిపడి కారితే ఆయిల్ గేర్‌బాక్స్ మీదికి జారుతది. అదేమో క్రాంక్ (ఇంజన్ల తిరిగే పెద్ద ఇరుసు) వెనుక సీలు పోయినట్టే కనపడుతది. గేర్‌బాక్స్ దించాలె అని ఎవరన్నా బిల్లు చెప్పితే, ముందు ఆ చిన్న రబ్బరు రింగు మార్చి చూడుమను.

అరుగుదల ఆపనీకి ఆయిల్ల కలిపే జింకు గురించి కూడా అడిగినవ్. 2004ల ఎస్ఎం ముద్ర వచ్చినప్పుడు 30 గ్రేడు, అంతకన్న పల్చటి ఆయిళ్లల్ల ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి కట్టడి చేసిండ్రు. సైలెన్సర్ల ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అది పాడు చేస్తది కాబట్టి. జింకు, ఫాస్ఫరస్ ఒకే మందుల కలిసి ఉంటయి, ఒకటి తగ్గిస్తే రెండోది తగ్గుతది. దాంతోని నష్టపోయింది గట్టి స్ప్రింగులు, చదునైన టాపిట్లు ఉన్న పాత అమెరికా వీ-8 ఇంజన్లు. నీ ఇంజన్‌కు ఆ గోస లేదు. సీసాలల్ల అమ్మే జింకు మందు కొని కలపకు. కన్వర్టర్ పోతే ఆ ఖర్చు నీ మీద పడుతది.

ఇప్పుడు ఫిల్టర్. ఇది నేను చేతుల పట్టుకోని చెప్పే సంగతి. ఇంజన్ల ఆయిల్ అంతా ఫిల్టర్ల నుంచే పోతది. కాగితం మూసుకపోయినా, ఆయిల్ మరీ చిక్కగ ఉండి కాగితంల నుంచి పోలేకపోయినా, లోపల ఒక చిన్న వాల్వు తెరుచుకోని ఆయిల్‌ను పక్కనుంచి వదుల్తది. చెరువుకు అలుగు ఎట్లనో దానికి అది అట్ల. కట్ట తెగకుండ కాపాడుతది గానీ, అలుగు దునికే నీళ్లను ఎవరూ వడకట్టరు. చల్లటి పొద్దున 20డబ్ల్యు-50 పోసి, స్టార్ట్ కాంగనే రేస్ చేస్తే మురికి ఆయిలే నేరుగ బేరింగులకు పోతది. ఆయిల్, ఫిల్టర్ జతగ ఎంచుకోవాలె అనేది అందుకే.

కొనేటప్పుడు ఫిల్టర్‌ను తిప్పి నోరు చూడు. నడుమ మరలున్న పెద్ద తూటు, దాని చుట్టు చిన్న తూట్లు ఉంటయి. ఆ చిన్న తూట్లల్ల వేలుగోరు పెట్టి నొక్కితే లోపల రబ్బరు తగుల్తది. అదే ఇంజన్ ఆగినంక ఆయిల్ వెనుకకు జారకుండ ఆపే వాల్వు. నలుపుంటే చాన మట్టుకు మామూలు రబ్బరు, ఆరెంజ్ రంగో ఎరుపో ఉంటే సిలికాన్. మామూలు రబ్బరు వేడికి ఏడాదిల గట్టిపడి మూతి సరిగ ముయ్యదు, సిలికాన్ మెత్తగనే ఉంటది. నీ బండ్లె ఫిల్టర్ పక్కకు పండుకోని ఉంటది, కాబట్టి ఈ రబ్బరు పని నీకు అందరికన్న ఎక్కువ. పొద్దున టిక్కుటిక్కు తగ్గాలంటే ఖరీదు ఆయిల్ కన్న ఇది ముందు చూసుకో. మాజ్దా కంపెనీదే దొరికితే అదే పెట్టు. 2016 నాటికే ఈ బండ్లు పది లక్షలు తయారైనయట, సామానుకు కరువు రాదు. పెద్ద ఫిల్టర్ అంటవా, మరలు కలిసినంత మాత్రాన సరిపోదు. రబ్బరు వాషర్ చుట్టుకొలత, ఆ అలుగు వాల్వు తెరుచుకునే ప్రెషర్ కూడా కలవాలె. అవి నీకు తెల్వనప్పుడు ఉన్న సైజే మంచిది.

నకిలీ మాల్ అమెరికాల సుత ఉంటదని విన్న. అట్టపెట్టె చూసి నమ్మకు. మన షాపుకు ఒకసారి ఒక డ్రైవర్ వేరే కాడ కొన్న ఫిల్టర్ తెచ్చి చూపిస్తే, నాన్న దాన్ని కోసిండు. కాగితం మడతలు ఒక పక్క ఒత్తుగ, ఇంకో పక్క వేళ్లు పట్టేంత ఎడం. అతుకు దగ్గర బంక సగమే ఉంది. బయట రంగు మాత్రం అసలుదాని లెక్కనే. ఇంటర్నెట్ల తక్కువకు దొరికిందని ఎవరో తెల్వని అమ్మకందారు దగ్గర తీసుకోకు, కౌంటర్ ఉన్న షాపుల కొనుక్కో.

మార్చేటప్పుడు ముందు బండిని కాసేపు నడిపి ఇంజన్ కాగనియ్యి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, నాలుగు స్టాండ్లు కొనుక్కో, ఈ ఒక్క మాట నాన్న పదిసార్లు రాయమన్నడు. ఫిల్టర్ ప్యాసింజర్ దిక్కు, ఇంటేక్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ లోపలికి గాలి పోయే గొట్టాలు) కింద ఉంటది, చెయ్యి పట్టుడు కష్టమే, విప్పితే మోచేతి దాక ఆయిల్ కారుతది, కింద పాత బట్టలు పరువు. పాత ఫిల్టర్ రబ్బరు వాషర్ ఇంజన్‌కే అంటుకోని ఉండిపోయిందేమో వేలుతోని తడిమి చూడు. దాని మీదనే కొత్తది బిగిస్తే రోడ్డు మీద ఆయిల్ అంత పోతది. కొత్త వాషర్‌కు కొంచెం ఆయిల్ రాసి, తగిలినంక చేతితోనే ముప్పావు చుట్టు తిప్పు, పానా పెట్టకు. డ్రైన్ నట్టుకు కొత్త వాషర్. ఫిల్టర్‌తోని కలిపి సుమారు మూడున్నర లీటర్లు పడుతది. మీ దగ్గర అయిదు క్వార్ట్‌ల డబ్బా అంటే 4.7 లీటర్లు, మొత్తం గుమ్మరిస్తే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురుగు లేపుతది. ఆయిల్ చూసే పుల్ల మీది ఎఫ్ గీత కాడ ఆపు.

1993 బండ్లె ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజమైనది, తర్వాతి ఏండ్లవాటిల ఉత్త స్విచ్చుతోనే లేస్తది. దాన్ని వాడుకో. ఇంజన్ నిమిషానికి తిరిగే ప్రతి వెయ్యి చుట్లకు (ఆర్‌పీఎం) పది పీఎస్ఐ ప్రెషర్ ఉండాలె అని మెకానిక్‌ల లెక్క. కాగినంక సిగ్నల్ కాడ కొంచెం దిగినా, యాక్సిలేటర్ తొక్కంగనే లేస్తే ఫికరు లేదు.

నాలుగు వేల మైళ్లకు మార్చు, అంత తిరగకపోయినా ఏడాదికోసారి మార్చు. వారానికోసారి పక్క వీధికి పోయొచ్చే బండ్లె ఆయిల్ల తేమ, పెట్రోల్ చేరుతయి, అది పూర్తిగ కాగితే గానీ పోదు. వారాంతంల ఒక అరగంటన్న హైవే మీద తీసుకపో. గాలి ఫిల్టర్ మామూలు కాగితందే పెట్టు, ఆయిల్ పూసే రకం జోలికి పోకు. పాత ఆయిల్ ఇక్కడైతే సెంట్రింగు చెక్కలకు పూసుకోనీకి కొనుక్కపోతరు. అక్కడ సామాన్ల షాపులనే తీసుకుంటరట, డబ్బాల పోసి ఇచ్చెయ్.

నీ ఫిల్టర్ మీది నంబరు, ప్రెషర్ ముల్లు వేడిల ఎక్కడుందో ఆ ఫొటో రెండూ పంపు. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల సప్పుడు కూడా రికార్డు చేసి పంపు, నాన్న వినాలె అంటున్నడు.

అమ్మ