దయ్యం పేరుతో దెబ్బలు వాక్యానుసారం కాదు

సంపాదకులకు నమస్కారం.

దయ్యాల్ని వెళ్లగొట్టడానికి చేసే కొన్ని విడుదల ప్రార్థనల్లో దయ్యం పట్టిందని మనుషుల్ని కొట్టడం, గొలుసులతో కట్టేయడం, పస్తులుంచడం చూస్తున్నాం. అడిగితే యేసు ఇచ్చిన అధికారం అంటారు. ఆ అధికారం సువార్తల్లో ఎలా ఉందో చదివితే ఇవేవీ కనిపించవు. కపెర్నహూము సమాజమందిరంలో ప్రభువు ‘ఊరకుండుము, వానిని విడిచి పొమ్ము’ అని గద్దించాడు, అంతే. గెరాసేనీయుల దేశంలో ‘సేన’ అనే దయ్యాల గుంపు పట్టినవాడికి సంకెళ్లు వేసింది మనుషులు. యేసు దగ్గర అతను బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు.

మార్కు 9వ అధ్యాయం ప్రతి పాస్టరూ నిదానంగా చదవాలి. కుర్రాడు నురగ కక్కుతూ నేల మీద పొర్లాడుతుంటే ప్రభువు ముందు తండ్రిని అడిగింది ‘ఇది ఎంతకాలం నుంచి?’ అని. చిన్నప్పటి నుంచి అనీ, నిప్పుల్లో, నీళ్లలో పడుతుంటాడనీ అంతా విన్నాకే గద్దించాడు, చెయ్యి పట్టుకుని లేపాడు. తమవల్ల ఎందుకు కాలేదని శిష్యులు అడిగితే ప్రార్థన వల్లనే అన్నాడు. కొన్ని ప్రతుల్లో ఉపవాసం అని కూడా ఉంది. ఉన్నా అది ప్రార్థించేవాడు చేయాల్సింది, రోగి కాదు. ప్రార్థనకు తీసుకునే కానుకల సంగతి మత్తయి 10:8లోనే తేలిపోయింది: ‘ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి.’

మత్తయి 4:24 దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను (అంటే మూర్ఛరోగులను) వేరువేరుగా చెప్పింది. ఆ తేడా మరిచి ‘విశ్వాసముంటే మాత్రలు మానేయి’ అనడం ప్రాణాంతకం. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదముంది. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. నోట్లో నీళ్లు, నూనె పోయకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయొచ్చు!

కతోలిక సంఘంలో బిషప్ అనుమతి లేనిదే ఏ గురువూ భూతోచ్చాటన చేయకూడదని ఆ సంఘపు 1983 చట్టసంహిత (కానన్ లా) చెబుతోంది. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల అడిగేవాళ్లే లేరు. పాస్టర్ల ఫెలోషిప్పులు ఇకనైనా రాతపూర్వకంగా నియమాలు పెట్టాలి: ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు, ఆడవాళ్లకు ప్రార్థించేటప్పుడు ఇంటివాళ్లు పక్కనే ఉండాలి, డబ్బు తీసుకోకూడదు, మందులు మానమనకూడదు. మానసిక రోగుల్ని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. పోలీసులు దాన్ని మత విషయమని వదిలేయకూడదు. ప్రతి మందిరం గోడ మీదా మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 రాయించాలని సంఘ పెద్దలకు మనవి.

– ఒక సువార్త సేవకుడు, గుంటూరు జిల్లా