రూపాయికి ఎనిమిది పైసలు కడుతున్నాం, పుస్తకాలు ఇప్పించండి

పౌర గ్రంథాలయాల బాధ్యత చూస్తున్న గౌరవనీయ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా శాఖా గ్రంథాలయానికి చరిత్ర, యుద్ధాలు, మానవ హక్కుల మీద తెలుగు పుస్తకాలు తెప్పించమని ఇప్పటికి ఐదు అర్జీలు పెట్టాను. మూడుసార్లు అర్జీల రోజున వరుసలో నిలబడి ఇచ్చాను, రెండుసార్లు పోస్టులో పంపాను. ప్రతిసారీ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. పుస్తకం మాత్రం ఒక్కటీ రాలేదు.

గత నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన ఒక అధికారి నా దగ్గర నలభై రెండు పుస్తకాల జాబితా తీసుకుని, సంక్రాంతి లోపు తెప్పిస్తామని మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సంక్రాంతి పోయింది, ఉగాది కూడా పోయింది. వెళ్లి అడిగితే ముందు నిధులు లేవన్నారు. తర్వాత ఇవి పోటీ పరీక్షలకు పనికిరావన్నారు. చివరికి, ఇలాంటివి ఎవరు చదువుతారండీ అన్నారు.

ఎవరు చదువుతారో చెబుతాను, దయచేసి వినండి. రెండో ప్రపంచ యుద్ధం మీద మా గ్రంథాలయంలో ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. అట్ట ఊడిపోతే గ్రంథపాలకుడే పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు. తేదీలు వేసే చీటీ నిండిపోయి దాని మీద రెండోది, ఆ రెండోదాని మీద మూడోది అతికించారు. చివరి పేజీలు ఎప్పుడో రాలిపోయాయి. సోవియట్ సైన్యం బెర్లిన్ చేరే చోట పుస్తకం ఆగిపోతుంది. పదో తరగతి చదివే ఒక అబ్బాయి దాన్ని తిరిగి ఇస్తూ, ‘తాతా, ఆ తర్వాత ఏమైంది?’ అని నన్ను అడిగాడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద పడిన అణుబాంబుల గురించి తెలిసినంత చెప్పాను. ‘అక్కడి పిల్లలు ఏమయ్యారు? వేసినవాళ్లకు శిక్ష పడిందా?’ అన్నాడు. వాడి చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడి అమ్మానాన్నలు ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు. పుస్తకం కొనుక్కోమని ఆ ఇంటికి ఏ నోటితో చెప్పను?

ఆ పిల్లవాడు యుద్ధాన్ని చూడడం లేదనుకోకండి. ఉక్రెయిన్‌నూ గాజానూ రోజూ ఫోనులో అర నిమిషం ముక్కలుగా చూస్తున్నాడు. యుద్ధానికీ నియమాలు ఉన్నాయని, ఆస్పత్రులనూ సామాన్య జనాన్నీ కాపాడాలని 1949 జెనీవా ఒప్పందాల్లో రాసుకున్నారని, వాటిని మన దేశమూ ఒప్పుకుందని ఆ ముక్కల్లో ఎవరూ చెప్పరు. అది పుస్తకమే చెప్పాలి.

దూరదేశాల సంగతి అలా ఉంచండి. మా అవ్వ అన్నం పారేస్తే ‘ధాత కరువు’ పేరెత్తి తిట్టేది. ఆమె తన తల్లి నోట విన్న మాట అది. 1876-78లో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో (అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అదీ బళ్లారిలోనే ఉండేది) జనం ఆకలితో రాలిపోతుంటే, కరువు పనిలో రాళ్లు కొట్టే మగవాడి రోజు కూలిని బ్రిటిషు ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యానికి, దానితోపాటు కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా పేరిట దర్బారు వైభవంగా జరిగింది. 1847లో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తల కోవెలకుంట్ల కోటకు ఆ 1877 దాకా వేలాడుతూనే ఉంది. ఇదంతా మా నేల మీద జరిగింది. నేను దీన్ని ముక్కలు ముక్కలుగా, ఇతరుల దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకాల్లో చదివాను. మా పిల్లలకు ఆ అరువూ దొరకడం లేదు.

తెలుగులో ఇలాంటివి లేవనడానికి వీల్లేదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, విశాలాంధ్ర, ప్రజాశక్తి దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నాయి. దళితుల ఊచకోతలు జరిగిన కారంచేడు, చుండూరు గురించి, కె. బాలగోపాల్ నిలబడిన హక్కుల ఉద్యమం గురించి చదవాలని అడిగేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నా జాబితాలో సగం వాళ్లు చెప్పినవే.

గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది కర్నూలులోనే. 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు ఆయన మీద రాజద్రోహం మోపి జైల్లో పెట్టారు. 2021లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయాన్నీ కర్నూలులోనే తెరిచారు. అదే జిల్లాలో మా బీరువాల్లో మానవ హక్కుల మీద తెలుగు పుస్తకం ఒక్కటీ లేదంటే నాకు కడుపు మండుతోంది. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి.

డబ్బు లేదనకండి. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నిరుడు నా వంతు నూట తొంభై రెండు రూపాయలు. రశీదు దాచుకున్నాను. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదని ఏళ్ల తరబడి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. దాన్ని చేర్పించండి. అందులో ఇంత భాగం తెలుగు చరిత్ర, హక్కుల పుస్తకాలకే ఖర్చు పెట్టాలని ఆదేశం ఇవ్వండి. మా గ్రంథపాలకుడు మూడు ఊళ్లు ఒక్కడే చూసుకుంటున్నారు, ఆయనకు తోడు ఇవ్వండి. పోటీ పరీక్షల పుస్తకాలు తగ్గించమని నేను అడగడం లేదు. వాటి పక్కన ఇవీ ఉండాలంటున్నాను. నలభై రెండూ ఒకేసారి కుదరకపోతే పది ఇప్పించండి. పదీ కుదరకపోతే హిరోషిమా మీద ఒక్కటి ఇప్పించండి.

జాబితా ఆరో ప్రతిని ఈ లేఖకు జత చేశాను. వచ్చే మార్చిలో ఆ అబ్బాయికి పదో తరగతి పరీక్షలు. ఆ తర్వాత ఊళ్లోనే చదువుతాడో, అమ్మానాన్నలతో మిరప చేలకు పోతాడో తెలియదు. పుస్తకం అంతలోపే రావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు జిల్లా