ఈ పూతకి నిమ్మతేనె తక్కువ

పొదలకూరు తోటల నుంచి వచ్చే మా నిమ్మతేనె ఏటా తీసుకునే నెల్లూరు, గూడూరు వాళ్లకి ముందే చెప్పేస్తున్నా. ఈసారి తేనె బాగా తక్కువ. పూత బాగానే ఉంది, మా పెట్టెల్లోనే ఈగల బలం లేదు.

వరోవా నల్లి గురించి మీలో చాలామందికి చెప్పే ఉంటాను. తేనెపట్టులో మూత పడబోయే గదిలోకి దూరి, లోపలి ఈగపిల్లని పీలుస్తూ అక్కడే తన సంతానాన్ని పెంచుతుంది. ఆ గదిని వాసన పట్టి, మూత కొరికి, పాడైన పిల్లని లాగి పారేసే గుణం మన తొర్ర తేనెటీగకి పుట్టుకతోనే ఉంది. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగల్లో మాత్రం వెతికి పట్టుకోవాలి. నల్లిని చంపే మందు పట్టీల అవసరం తగ్గాలని, ఆ గుణమున్న రాణుల నుంచే కొత్త రాణుల్ని లేపుతూ వస్తున్నాం.

ఈ ఏడాది పెట్టెలు పెంచుదామని, అదే గుణం ఉందని నమ్మబలికిన ఒకాయన దగ్గర రాణుల్ని కొన్నాను. వాటి పిల్లలు పని అందుకున్నాక పరీక్ష పెట్టాను. మూత పడిన 100 గదుల్లో సన్నటి సూది గుచ్చి లోపలి పిల్లని చంపి, ఆ పట్టున్న ఫ్రేము మళ్లీ పెట్టెలో పెట్టాలి. మంచి జాతయితే మర్నాటికి దాదాపు అన్నీ ఖాళీ చేస్తాయి. ఇవి సగం కూడా చేయలేదు. సూది బెజ్జాలు కనిపిస్తూనే ఉన్నాయి, ఈగలు వాటి మీదుగా నడిచిపోతున్నాయి. ఫోన్ చేస్తే, "తేనె వస్తోందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఇన్నేళ్ల నా పనికి ఆయన కట్టిన విలువ అదీ.

తేనె వచ్చే మాట నిజమే. ఆ రాణులు గుడ్లు బాగా పెడుతున్నాయి. పూత అయ్యేదాకా ఉంచితే మీ సీసాలన్నీ నిండేవి. అదే టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. కానీ రాణి గాల్లో ఎగురుతూ పది పదిహేను పోతుటీగలతో కలుస్తుంది. ఏ పెట్టె పోతుతో కలవాలో మనం చెప్పలేం. ఈ పెట్టెల పోతులు ఎగిరాయంటే మా సొంత రాణుల సంతానంలో ఆ గుణం పల్చబడిపోతుంది. పోతు గుడ్డు ఈగగా మారడానికి 24 రోజులే పడుతుంది. అందుకే ఆ రాణులన్నిటినీ తీసేశాను, పోతుపిల్లలున్న పట్టు కోసేశాను. పూత మధ్యలో ఇదేం పనని ఇంట్లోవాళ్లు కోప్పడ్డారు. అయినా తీసేశాను. మా గుడ్ల నుంచి కొత్త రాణి 16 రోజులకి వచ్చినా, దాని పిల్లలు పూల మీదికి వెళ్లేసరికి ఈ పూత దాటిపోతుంది.

ఉన్నదాంట్లో ఏటా తీసుకునేవాళ్లకి ఇంటికొక సీసా ఇస్తాను. అడ్వాన్స్ వాపసు కావాలంటే అడగండి. బయట తేనె కొని మా లేబుల్ వేయమని కొందరు సలహా ఇచ్చారు, అది మాత్రం జరగదు. వచ్చే పూతకి సూది పరీక్ష నెగ్గిన పెట్టెలే తోటకి వెళ్తాయి. నమ్మకం కుదరనివాళ్లు తోటకి రండి, ఫ్రేము మీ చేతికే ఇస్తాను, గదులు మీరే లెక్కపెట్టుకోండి.