సబ్బు పొరలో నల్లని పట్టీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు వెనుక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం సబ్బు నీటికి కేటాయించాను.

గత వారం తొమ్మిదో తరగతి పిల్లలు తీగ చట్రాన్ని సబ్బు నీటిలో ముంచి, నిలువుగా పట్టుకుని, వెనుక నల్లటి అట్ట పెట్టి చూశారు. మొదట రంగులేమీ లేవు. కాసేపటికి గులాబీ, ఆకుపచ్చ పట్టీలు అడ్డంగా ఏర్పడి మెల్లగా కిందికి దిగసాగాయి. ఆ తర్వాత పై అంచున రంగంతా పోయి నల్లబడింది. అక్కడ పొర చిరిగిపోయిందని ఒక అమ్మాయి అంది. చిరిగితే మొత్తం పగిలిపోవాలి కదా అని పక్కనున్న అబ్బాయి. పీరియడంతా ఆ తగవుతోనే సరిపోయింది. టీచరు తీర్పు చెప్పకుండా ఊరుకున్నారు. అది నాకు బాగా నచ్చింది.

ఇంట్లో మిమ్మల్ని అడిగితే మాత్రం, దయచేసి "ఇంద్రధనుస్సు లాంటిదే" అనకండి. ఆ మాట నేనూ చాలా ఏళ్లు చెప్పాను. వాన చినుకు కాంతిని వంచి రంగులుగా విడదీస్తుంది. సబ్బు పొరలో జరిగేది వేరు, దాన్ని వ్యతికరణం అంటారు.

పొరకు రెండు ముఖాలు. పడిన కాంతిలో కొంత ముందు ముఖం నుంచే వెనుదిరుగుతుంది. కొంత లోపలికి వెళ్లి, వెనుక ముఖానికి తగిలి వస్తుంది. నేరుగా పడిన కాంతికైతే, ఈ రెండోదానికి పొర మందానికి రెట్టింపు దూరం అదనపు ప్రయాణం. కాంతి నీటి అలలా తరంగంగా సాగుతుంది. రెండూ కలిసేచోట శృంగం (తరంగపు ఎత్తు) మీద శృంగం పడితే ఆ రంగు మెరుస్తుంది, శృంగం మీద ద్రోణి (తరంగపు పల్లం) పడితే చెరిగిపోతుంది. ఎరుపు తరంగదైర్ఘ్యం, అంటే ఒక శృంగం నుంచి తర్వాతి శృంగానికి ఉండే దూరం, సుమారు 700 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు), ఊదాది సుమారు 400. కాబట్టి ఒకే మందం దగ్గర ఒక రంగు చెరిగితే మరొకటి నిలుస్తుంది. నీరు కిందికి జారడం వల్ల పొర పైన పలుచగా, కింద మందంగా ఉంటుంది. పట్టీలు ఏర్పడేది అందుకే.

మరి నలుపు? పొర ముప్పై నానోమీటర్లకన్నా పలుచబడితే అదనపు దూరం దాదాపు లేనట్టే. అలాంటప్పుడు రెండు తరంగాలూ కలిసి మెరవాలి కదా! మెలిక ఇక్కడే ఉంది. తాడు ఒక కొసను మేకుకు బిగించి, రెండో కొసను ఒక్కసారి పైకి విదిలించి చూడండి. తాడులో పుట్టిన మూపురం మేకును తాకి, తలకిందులై వెనక్కి వస్తుంది. గాలిలోంచి వచ్చి నీటికి తగిలిన కాంతి తరంగం కూడా అలాగే తిరగబడుతుంది. నీటిలోంచి వచ్చి గాలి అంచున వెనుదిరిగేది తిరగబడదు. ఒకటి తిరగబడి, మరొకటి తిరగబడక, అన్ని రంగుల్లోనూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పొర అక్కడే ఉంది, కాంతిని వెనక్కి పంపడం లేదంతే. అబ్బాయి మాటే నిజమైంది.

ఈ రంగుల గురించి ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లోనే రాశారు. న్యూటన్ గాజుపలక మీద కటకాన్ని ఉంచి, రంగు వలయాలను ఓపికగా కొలిచారు, అయినా కాంతి కణాలేనన్న పట్టు వదల్లేదు. దాదాపు వందేళ్లకు, కాంతి తరంగమేనని వాదించిన థామస్ యంగ్ ఆ కొలతలనే తీసుకుని తరంగదైర్ఘ్యాలు లెక్కగట్టారు. సొంత కొలతలే ఎదురుపక్షానికి సాక్ష్యమైన ఈ ఘట్టం పిల్లలకు చెప్పడం నాకు మహా ఇష్టం.

కెమెరా లెన్సు మీద కనిపించే ఊదా మెరుపూ ఈ కోవలోదే. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత సుమారు 100 నానోమీటర్ల మందం ఉంటే, వెనుదిరిగే కాంతిలో ఆకుపచ్చ చాలావరకు చెరిగిపోతుంది. ఎరుపు, ఊదా కొంత మిగులుతాయి. ఇక్కడ పూత వెనుక ఉన్నది గాలి కాదు, గాజు. అందుకే రెండు తరంగాలూ తిరగబడతాయి కాబట్టి, చెరిపే పనంతా దూరం తేడాదే.

వచ్చే శుక్రవారం ఆ లెన్సులే చూడబోతున్నాం. ఇంట్లో పాతవి ఉంటే పిల్లలతో పంపండి, పేరు రాసి మరీ. కిందటిసారి వచ్చిన రెండు భూతద్దాలకు ఇంతవరకు సొంతదారులు దొరకలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు