పులిసిన ఓట్స్ గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం నుంచి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్నదంతా చదివాను. "పాడైపోయిన గంజి పెట్టారట", "అందులో జెలటిన్ ఉందట" అని. మేం పెట్టింది ఫ్లమరీ. వేల్స్‌లో ఉంటున్నాం కాబట్టి ఇక్కడి పాత వంట ఒకటి పిల్లలతో చేయించి, దాని గురించి తెలుగులో రాయించాం. ఓట్స్ పిండిని రెండు మూడు రోజులు నీళ్లలో నాననిచ్చి, పులిశాక గుడ్డలో వడగట్టి, ఆ తెల్లటి నీళ్లని చిక్కబడేదాకా ఉడికించి చల్లారబెడతారు. పుల్లటి వాసన రావాలి, వచ్చింది. తరవాణి తాగి పెరిగినవాళ్లు కూడా ముక్కు మూసుకుంటే ఎలాగండీ! ఇక జెలటిన్ సంగతి: అది ఉండే దూడకాళ్ల జెల్లీ, మీగడ, బాదం వేసి అచ్చుల్లో పోసింది 18వ శతాబ్దపు డబ్బున్నవాళ్ల ఫ్లమరీ. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ తన వంటల పుస్తకంలో దాంతో చేపలు చేసి జెల్లీ చెరువులో పెట్టమంది. మనం వేసింది ఓట్స్, నీళ్లు, ఉప్పు, పైన తేనె. అంతే.

పెద్దపిల్లల గ్రూపులో ఒకమ్మాయి అడుగంటకుండా కలుపుతూనే ఉంది, గరిటె ఎవరికీ ఇవ్వలేదు. మధ్యమధ్యలో ప్లేటు మీద చుక్క వేసి, వంచి చూసి, "ఇంకా జారుతోంది మేడమ్" అనడం! తర్వాత ఏం రాసిందో చూడండి: "దీనికి రుచి లేదు. తేనె లేకపోతే నేను తినను. కానీ కదిపితే వణుకుతుంది, అది నాకు నచ్చింది." స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను.

ఈ చప్పటి వంట పేరే ఇంగ్లిషులో ఉత్తుత్తి పొగడ్తకీ స్థిరపడింది. అది మాత్రం మన ఇళ్లలో రోజూ వండుతున్నాం. పిల్లలు ఏది చూపించినా, ఫోన్లోంచి తల ఎత్తకుండా "సూపర్ నాన్నా" అనేస్తున్నాం. మునగచెట్టు ఎక్కించేది మీరు, కిందపడి ఏడ్చేది నా క్లాసులో. ఒత్తు తప్పుంటే తప్పని చెప్పండి. ఏ వాక్యం బాగుందో వేలు పెట్టి చూపించండి. ఆరేళ్ల పిల్లలకి కూడా నిజం వినే ఓపిక ఉంది, మనకే చెప్పే తీరిక లేదు. ఇంకోమాట, సంక్రాంతి ప్రాజెక్టులు చాలా అందంగా వచ్చాయి. నాన్నగార్ల చేతిరాత ముత్యాల్లా ఉంది. ఈసారి పిల్లలది చూడాలనుంది.

టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టండి, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేయండి.

వచ్చే శనివారం చిన్నపిల్లల గ్రూపు వంతు. ఓట్స్ గురువారమే నానబెడతాం. వాసన పడనివాళ్లు గేటు దగ్గరే దింపేసి వెళ్లొచ్చు, కాకపోతే పసుపు గీతల మీద కారు ఆపకండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు